కూత వినబడనివాళ్ళు

“తలుపు లోపలినుంచే తియ్యాలంటన్నారు కదా. తియ్యడానికి వాళ్ళ ఒంట్లో సత్తువ నేకపోతే ఏటవుతాది తనూజా?”

నేనీ మాట అడిగింది లాల్‌ఖదాన్ రైలు గేటు దగ్గర, తనూజ స్కూటరు వెనక కూర్చుని. అప్పటికింకా ఏ కీడూ బయటపడలేదు. నౌకలో ఉన్న మా పిల్లలు తిరగబడ్డారు, తలుపు బిగించుకుని కూర్చున్నారు, విసుగు పుడితే వాళ్ళే వస్తారు అని మాత్రమే ఆ నౌక నడిపే ట్రస్టువాళ్ళు ఫోన్లో చెప్పారు.

“భయపడు పిన్నీ, నేనొద్దన్ను. కాని నన్ను పట్టుకుని భయపడు. ముందర గోతులున్నాయి” అంది తనూజ.

తనూజ నా సొంత అక్క కూతురేమీ కాదు. రైల్వే క్వార్టర్లలో వాళ్ళ గోడా మా గోడా ఒకటే. వాళ్ళ నాన్న గూడ్సు గార్డు. ఈ పిల్ల రైల్వే రక్షక దళంలో కొన్నాళ్ళు చేసింది. పై ఆఫీసరుతో పడక మానేసి, రాజ్‌కిశోర్ నగర్‌లో టైలరు కొట్టు మీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు కట్టింది. పోయినేడు మొదటి నౌకలో తిరుగుబాటు జరిగినప్పుడు తలుపు దగ్గర కూర్చుని పిల్లలతో మాట్లాడి వాళ్ళని బయటికి తెచ్చింది తనే. అందుకే ఫోను పెట్టెయ్యగానే నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా దాని దగ్గరికి పరిగెత్తాను.

పిల్లలున్న ఆ నౌక పేరు దూరయాన్. నిజంగా ఎగిరేది కాదు. పట్టాల పక్కన మూతబడ్డ పాత షెడ్డులో నాలుగు రైలుపెట్టెలంత పొడుగున కట్టిన ఇనుప గొట్టం. ఆడా మగా ఆరుగురు పిల్లల్ని అందులో పెట్టి తలుపు మూసేస్తారు. ఐదు నెలలపాటు వాళ్ళు నక్షత్రాల మధ్య ప్రయాణిస్తున్నట్టే బతకాలి. కిటికీ లేదు, ఫోను లేదు. వదిలిన గాలే మిషనులో శుభ్రమై మళ్ళీ వస్తుంది, బయటి గాలి ఇసుమంతైనా పోదు. బయటున్న మనందరికీ కలిపి వాళ్ళు పెట్టిన పేరు భూమి. భూమితో మాట్లాడ్డానికి ఒకే ఒక్క తీగ. అంత దూరం పోయేటప్పుడు మనుషులు ఎలా ఉంటారో తెలుసుకోవడానికట ఇదంతా. తట్టుకున్నవాళ్ళని నిజమైన శిక్షణకి పంపుతారు.

ఇదే పేరుతో కట్టిన మొదటి నౌకకి ఉత్త రేకు గోడలు. రెండోదానికి మాత్రం బయటి చప్పుడు సూదంతైనా రాకూడదని రబ్బరు, దాని వెనక కొబ్బరి పీచు దట్టంగా వేశారు. అది చూసిన రోజే, నిప్పురవ్వ పడితే ఏటవుతాదని అడిగాను. మొదటి నౌకలోనూ ఉండి వచ్చిన నా కూతురు ప్రత్యూష నవ్వి, “అమ్మా, నువ్వు వొద్దంటే చెప్పీ, ఇలాగ కాలబెట్టకు” అంది. వొద్దనలేకపోయాను. దానికి పంతొమ్మిదేళ్ళు, ఆ వయసులో నేను అన్నిటికీ సరే అన్నదాన్ని.

కంట్రోల్ రూములో ముగ్గురున్నారు.

బల్లకి అటుపక్క శ్రీనివాసరావు. బొగ్గు కంపెనీలో విజిలెన్సు ఆఫీసరుగా చేసి దిగిపోయిన మనిషి. మొదటి నౌక గొడవ అయ్యాక, ఇలాంటివి మళ్ళీ జరక్కుండా చూడమని గుంటూరు నుంచి తెప్పించారు. షెడ్డు పక్క గెస్టు రూములో ఉంటాడు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. మైకు ముందర సాయిచరణ్ అనే కుర్ర ఇంజనీరు, బ్యాంకు మేనేజరు కొడుకు, రాయ్‌పూర్‌లో చదువుకుని వచ్చాడు, మాటల్లో హిందీ దొర్లుతుంది. మూడో మనిషి మా రమణబాబు. ఎలక్ట్రికు లోకో షెడ్డులో పనిచేసి, ఇక్కడ యంత్రాలన్నీ చూసుకుంటున్నాడు. అతని కొడుకు శివాజీయే నౌకకి కెప్టెను. మా వీధే. నన్ను చూడగానే లేచి కుర్చీ ఇచ్చాడు. ఏడవకు కనకం, పిల్లగుంటలు మొండికేసినారు, రెండ్రోజుల్లో ఆళ్ళే దారికొస్తారు అన్నాడు.

రెండ్రోజులు ఆగే ఉద్దేశం శ్రీనివాసరావుకి లేదు. నాలుగింటికి నౌకకి కరెంటు తీసేస్తున్నానని చెప్పాడు. ఫ్యాన్లు ఆగితే ఉక్కపోసి అరగంటలో తలుపు తీసుకుని వస్తారట. తనూజ ఆయన వైపు తిరగక ముందే, ఇది పోలీసు కేసు కాదనీ, ఆవిడకి ఇక్కడ ఏ అధికారం లేదనీ, తల్లి వెంట వచ్చింది కాబట్టి కూర్చోనిస్తున్నాననీ వరసగా చెప్పేశాడు. గోడ గడియారం మూడు దాటింది.

“కూర్చోనిచ్చారు కదా, చాలు” అని తనూజ కుర్చీ లాక్కుని సాయిచరణ్ ఎదురుగా వేసుకుంది.

ఆ అబ్బాయిని అది అడిగిన తీరు చూస్తే చుట్టపుచూపుగా వచ్చి కబుర్లాడుతున్నట్టుంది. నిన్న మధ్యాహ్నం ఏం కూర తిన్నావు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అతను చెప్పినదాంట్లో తేలిందిది. పొద్దున్న డ్యూటీ రమణబాబుది. భోజనాల వేళ సాయిచరణ్ వచ్చి కూర్చున్నాడు. రమణబాబు తన డబ్బాలోంచి ఇంత పప్పన్నం పెట్టి, వెనక తీగల గదిలో ఏదో బాగుచెయ్యాలని వెళ్ళాడు. అప్పుడే స్పీకర్లోంచి నౌక మాట వచ్చింది. ప్రత్యూష గొంతు. సాయిచరణ్ తిరిగి పిలిచాడు, పిలుస్తూనే ఉన్నాడు, జవాబు లేదు. వెంటనే శ్రీనివాసరావుకి చెప్పాడు. అంతే, అప్పట్నుంచి నౌక మూగబోయింది.

“మాట వచ్చినప్పుడు నువ్వు ఏదైనా అడుగుతున్నావా? దానికి జవాబుగా వచ్చిందా?” అంది తనూజ.

“నహీఁ మేడమ్. అచానక్, ఉన్నట్టుండి వచ్చింది. నేను రోటీ నోట్లో పెట్టుకున్నాను. నేను పిలిస్తే మాత్రం, కుఛ్ నహీఁ.”

“పప్పన్నం అన్నావు ఇందాక.”

“రోటీ భీ తిన్నాను మేడమ్” అన్నాడు సిగ్గుపడుతూ. అంత గాభరాలోనూ రమణబాబు చిన్నగా నవ్వాడు.

ఆ మాట రికార్డయింది. తనూజ వినిపించమంది.

నా బిడ్డ గొంతు గదంతా నిండింది. “భూమికి దూరయాన్ చెప్తోంది. ఇక మీ మాట మేం వినం. మా దారి మేం చూసుకుంటాం. తలుపు తియ్యం.”

నాకు దుఃఖం ఆగలేదు. గొంతు దానిదే, అందులో అనుమానం లేదు. కోపం వచ్చినప్పుడు మాట చివర అలాగే నొక్కుతుంది. ఎవరో కత్తి పెట్టి చెప్పించారేమో అనుకున్నాను. మతి చెడిందేమో అనుకున్నాను. తనూజ ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి విన్నాం. కళ్ళు మూసుకుని మళ్ళీ పెట్టమంది. భయం ఉన్నట్టుందా, చదువుతున్నట్టుందా, పక్కన ఎవరైనా మాట అందిస్తున్నారా, ఒక్కొక్కటే నన్నూ రమణబాబునూ అడిగింది. మాకేమీ తేడా కనబడలేదు. తనకీ కనబడలేదని దాని మొహమే చెప్తోంది.

శ్రీనివాసరావుకి ఓపిక అయిపోయింది. “ఎన్నిసార్లు వింటే మాత్రం మాట మారుతుందామ్మా? అసలు ఆ పిల్ల మాటే సరిగా వినబడదు, వెనకాల ఆ రైలు కూతొకటి. ఈ ఊళ్ళో నిద్ర ఎలాగూ లేదు, రికార్డులో కూడా అదే గోల.”

తనూజ కళ్ళు తెరిచింది. “ఏ కూత?”

“ఏ కూతేమిటి? చెవులు చిల్లులు పడేట్టు మోగుతుంటే.”

“పిన్నీ, నువ్వు విన్నావా?”

నేను వినలేదు. మళ్ళీ పెట్టారు. ఈసారి తనూజ వేలు పైకెత్తి పట్టుకుంది. తలుపు తియ్యం అనే మాట మీద వేలు దించింది. ఉంది. దూరంగా, పొడుగ్గా, గూడ్సు ఇంజను కూత. ఒకసారి విన్నాక ఇక అది తప్ప ఇంకేమీ వినబడలేదు. ఇన్నిసార్లు చెవి పెట్టి విన్నాను, నా కూతురు ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా విన్నాను. ఆ కూత మాత్రం నా చెవిన పడలేదు. పుట్టింది పట్టాల పక్కన, పెళ్ళయి వచ్చింది పట్టాల పక్కకి. మా ఇంట్లో బళ్ళు పోతుంటే టీవీ గొంతు పెంచుకుంటాం గాని బండి పోతోందని అనుకోం.

“గార్డు కూతుర్ని. నాకూ వినబళ్ళేదు” అంది తనూజ. అని శ్రీనివాసరావు వైపు తిరిగింది. “ఆ కూత ఎక్కడ మోగిందంటారు?”

“ఇక్కడే. పక్కనే పట్టాలు. ఈ గదిలోకి వచ్చే మోతంతా రికార్డులో పడింది.”

సాయిచరణ్ తల అడ్డంగా ఊపాడు. రికార్డుకి ఈ గదితో సంబంధం లేదన్నాడు. నౌకనుంచి వచ్చే తీగలోంచే నేరుగా పడుతుందట. ఇక్కడ మనం బల్లలు విరగ్గొట్టినా అందులో పడదట.

“అయితే అది నౌకలోపల మోగింది” అంది తనూజ. “రబ్బరు దాటి, పీచు దాటి లోపలికెలా వచ్చింది శ్రీనివాసరావుగారూ? వేయించింది మీరే కదా ఆ గోడలు.”

ఆయన మొహం కందింది. రబ్బరు ఎక్కడో ఊడి ఉంటుందన్నాడు. పోనీ ఈ నౌక ఇదివరకటి రికార్డుల్లో ఒక్కదాన్లోనైనా కూత ఉందా అని తనూజ అడిగింది. సాయిచరణ్ నాలుగైదు వెతికి పెట్టాడు. శ్రీనివాసరావు స్వయంగా చెవి పెట్టి విన్నాడు. పిల్లల నవ్వులున్నాయి, గిన్నెల చప్పుడుంది. కూత లేదు.

“ఇది ఈ నౌకలో పుట్టిన మాట కాదు. పోయినేడు రేకు గోడల నౌకలో, నిజంగా తిరగబడ్డ రోజున ప్రత్యూష అన్న మాట. అప్పుడు మీరు లేరు, ఈ అబ్బాయి లేడు, నేను తలుపు బయట ఉన్నాను. దాచి ఉంచినవాళ్ళెవరో నిన్న బయటికి తీశారు. మరి వాళ్ళ సొంత మాట నిన్నట్నుంచి ఎవరైనా విన్నారా?”

అప్పుడు శ్రీనివాసరావు చేసిన పని నాకిప్పటికీ అర్థం కాదు. తప్పయిందని ఒప్పుకోవాల్సిన చోట బింకం తెచ్చుకున్నాడు. ఎవరు ఎప్పుడన్నా పిల్లలు మాట్లాడ్డం లేదన్నది నిజం, తలుపు తియ్యలేదన్నది నిజం, నాలుగింటికి కరెంటు తీస్తానన్నది అంతకన్నా నిజం అన్నాడు. తన మాట దాటితే గార్డుల్ని పిలిచి ఇద్దర్నీ గేటు బయట దింపిస్తానన్నాడు.

“తియ్యండి” అంది తనూజ నెమ్మదిగా. “వాళ్ళు రానివాళ్ళు కాక, రాలేనివాళ్ళయితే, ఫ్యాను ఆపిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. ఇక్కడ ఇంతమందిమి సాక్ష్యం.”

నాకు తర్కాలు రావు. కరెంటు మీటలు ఏ గోడకున్నాయో చూసుకున్నాను. రమణబాబు ఇచ్చిన కుర్చీని అక్కడికి ఈడ్చుకెళ్ళి, మీటలకి వీపు ఆనించి కూర్చున్నాను. చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాను.

“నన్ను లేపి తీసుకోండి బాబూ” అన్నాను.

ఆయన నా వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. నాలుగు వరకే, అన్నాడు.

తీగల గది మీటల పక్కనే. తలుపు తీసి ఉంచితే నా కుర్చీలోంచే అంతా కనబడుతుంది. తనూజ ఏదీ ముట్టుకోకుండా గుమ్మంలో నిలబడి చూసింది. ఈ షెడ్డులో దేని మీద చెయ్యి పెట్టినా నల్లటి బొగ్గు దుమ్ము అంటుతుంది. గోడకి వరసగా పెట్టెలు, ఒక్కో పెట్టె మీద ఒకే మందాన దుమ్ము. ఒకదాని మూత మాత్రం తుడిచినట్టుంది. తుడవలేదు, ఎవరో ఒళ్ళో పెట్టుకుని పని చేసి మళ్ళీ బిగించారంది తనూజ. సాయిచరణ్ చేత మూత తీయించింది. నౌకనుంచి వచ్చే తీగ దాని చోట లేదు. ఊడదీసి పెట్టె వెనక్కి మడిచి పెట్టారు. దాని చోట చిన్న తీగ ముక్క ఒకటి వేలాడుతోంది, ఫోనుని స్పీకరుకి తగిలించడానికి వాడేలాంటిది.

“అంటే నౌక మూగబోలేదు, మనమే చెవులు మూసుకున్నాం” అంది తనూజ. “సాయీ, ఆ తీగ దాని చోట పెట్టు. ఎంతసేపు పడుతుంది?”

జాగ్రత్తగా చెయ్యాలి, కొంచెం టైం ఇవ్వమన్నాడు. పని మొదలుపెట్టాడు. తనూజ గదిలోకి తిరిగొచ్చి బల్ల అంచు మీద కూర్చుంది. ఏదో గుర్తొచ్చినట్టు, మామూలుగా అడిగింది.

“మనమిక్కడ కూర్చున్నాక ఎన్ని బళ్ళు పోయాయి?”

శ్రీనివాసరావు చిరాగ్గా, మూడన్నాడు, మూడోది ఇంకా పోతూనే ఉంది, గ్లాసులో నీళ్ళు కదులుతున్నాయి చూడమన్నాడు. తీగల గదిలోంచి సాయిచరణ్, “దో తో పక్కా. మూడోది కూడా ఉందేమో” అని కేకేశాడు. తనూజ రమణబాబు వైపు చూసింది.

రమణబాబు నుదురు చిట్లించాడు. “బండా? ఏ బండీ పోనేదు కదా.”

గ్లాసులో నీళ్ళు కదులుతూనే ఉన్నాయి.

“నాకూ వినబళ్ళేదు బాబాయ్” అంది తనూజ. దాని గొంతులో కోపం లేదు. “పిన్నికీ వినబళ్ళేదు. శ్రీనివాసరావుగారి చేతిలో ఆ పాత రికార్డు పడి ఉంటే, మొదటిసారి విన్నప్పుడే, కూత ఉంది, ఈ నౌకదంటే నమ్మరని పక్కన పడేసేవారు. సాయి కూడా అంతే. కూత ఉందని తెలీకుండా దాన్ని వాడగలిగినవాడు మన క్వార్టర్లలో పుట్టినవాడే. నేను నిన్న ఇక్కడ లేను. పిన్ని లేదు.”

రమణబాబు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఎదురుగా ఉన్న నన్ను చూశాడు, నేను కూర్చున్న కుర్చీని చూశాడు. తరవాత నేల మీదికి జారి, గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

అతను చెప్పినదంతా ఒక్క ఊపిరిలో చెప్పలేదు. తనూజ ఒక్కో ముక్కా లాగింది. నిన్న పొద్దున్న తన డ్యూటీలో శివాజీ పిలిచాడు. అందరికీ తలనొప్పిగా ఉంది, గాలి అదోలా ఉంది, మేమంతా అనుకున్నాం, బయటికి వచ్చేస్తాం అన్నాడు. పోయినేడు తిరుగుబాటుకి ముందు నిలబడ్డాడని రిపోర్టులో శివాజీ పేరే అందరికన్నా పైన రాశారు. కాళ్ళా వేళ్ళా పడి, కొడుక్కి ఈ రెండో అవకాశం ఇప్పించింది రమణబాబు. ఇప్పుడు మధ్యలో వచ్చేస్తే ఇక వాడికేమీ లేదనుకున్నాడు. తలనొప్పి సాకనుకున్నాడు. తట్టుకో, ఒక్కరోజు ఆగితే అందరూ సర్దుకుంటారు అని చెప్పాడు. మిగతా పిల్లలు తన తరవాతి డ్యూటీవాళ్ళకి మొర పెట్టుకోకుండా తీగ ఊడదీశాడు. నౌక ఊరికే మూగబోతే రూలు ప్రకారం తలుపు కోసి చూస్తారు. తిరగబడ్డారంటే మాత్రం పోయినేటిలాగే బతిమాలుతూ కూర్చుంటారు. కరెంటు తీస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. తీగ తిరిగి తగిలిద్దామంటే నిన్న సాయంత్రం నుంచి ఈ గది ఖాళీ కాలేదు.

“గాలి అదోలా ఉందన్నాడా? శుభ్రం చేసే మిషను చెడిపోలేదు కదా?” అంది తనూజ.

“వాసనొస్తందన్నాడు. కుర్రోళ్ళు కదా, ఏదో ఒకటంటారు.”

నాకు ఆ మాటలన్నీ చెవిన పడుతున్నాయి గాని బుర్ర ఒక్కచోటే ఆగిపోయింది. వచ్చేస్తామన్నారు. ఆరుగురూ అనుకున్నారు. తలుపు లోపలినుంచే కదా తీసేది, భూమి అనుమతి ఎందుకు?

“రావాలనుకున్నోళ్ళు నిన్ననే రావాలి కదా రమణబాబూ. రానేదేం మరి?”

రమణబాబు తలెత్తలేదు. “తలుపు తాళంచెవి శివా మెళ్ళో ఉంటాది కనకం. ఎవరు చెప్పినా తియ్యొద్దని నిన్న నేనే చెప్పినాను. నీకు పరీక్షలు పెడతారు, భయపెడతారు, ఆకరికి నా గొంతుతో చెప్పినా నమ్మొద్దు, ఐదు నెలలూ అయ్యేదాకా తియ్యకు అని ఒట్టేయించుకున్నాను.”

శ్రీనివాసరావు ఒక్కసారిగా లేచాడు. ఇప్పుడు ఆయనలో బింకం లేదు. అంబులెన్సుకి తనే ఫోను చేశాడు. గ్యాసు కట్టరు తెమ్మని గార్డుల్ని కేకేశాడు. తనూజ అడ్డు నిలబడింది. ఇనుము కొయ్యడం మొదలుపెడితే మొదట అంటుకునేది లోపలి రబ్బరు. ఆ పొగ పోవడానికి దారి లేదు. గాలే సరిగా లేని చోట పొగ కూడా పెడితే ఎవరూ మిగలరు. ఆయన ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. ఆ గోడ వేయించింది తనే అని గుర్తొచ్చి ఉంటుంది.

“ఇంకో దారి?” అన్నాడు.

“లోపలివాడు తియ్యడమే” అంది తనూజ.

తీగ తగిలించి “హో గయా” అని సాయిచరణ్ అరిచాడు. స్పీకర్లోంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చింది. నేను మీటల దగ్గర్నుంచి లేచి మైకు దగ్గరికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. ప్రత్యూషా అని పిలిచాను. దానికి రెండేళ్ళున్నప్పటి ముద్దుపేర్లన్నీ పెట్టి పిలిచాను. ఫ్యాను తప్ప ఏమీ లేదు.

అప్పుడు దగ్గు వినబడింది. మైకుకి బాగా దగ్గరగా, పొడి దగ్గు.

“మా వోడే” అన్నాడు రమణబాబు లేచి వస్తూ. మైకు గదికి వేరే ఫ్యాను ఉందట, గాలి మిషను కూడా ఆ పక్కనేనట, అందుకే వాడింకా మెలకువగా ఉన్నాడన్నాడు. మైకు లాక్కుని, “శివా, నేన్రా, నాన్నని. పరీక్ష కాదురా. తలుపు తీసీరా” అన్నాడు. దగ్గు ఆగిపోయింది. ఊపిరి చప్పుడు కూడా దూరంగా జరిగింది. రమణబాబు ఏడ్చాడు, తిట్టాడు, చచ్చిపోయిన తల్లి మీద ఒట్టు పెట్టాడు. తండ్రి ఎంత గట్టిగా చెప్తే లోపల కుర్రవాడు అంత బిగుసుకుపోతున్నాడు. వాడికి ముందే చెప్పి ఉంచిన మాటలన్నీ ఇవే.

శ్రీనివాసరావు మైకు తీసుకుని, ట్రస్టు తరఫున ఆదేశం అన్నాడు. తనూజ చెప్పి చూసింది. పోయినేడు తలుపు తీయించిన గొంతు అది. దానికీ జవాబు లేదు.

నేను తనూజ భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరగమన్నాను. లోపల ఏముందో నా కళ్ళకి కనబడుతూనే ఉంది. ఎప్పుడూ అన్నిటికన్నా చెడ్డదే కనబడుతుంది నాకు. ఐదు పడకలు, ఐదుగురు పిల్లలు, ఎవరూ కదలడం లేదు. పంతొమ్మిదేళ్ళూ దానికి జ్వరం వస్తుందేమోనని నిద్రలో నుదురు తడిమి చూసినదాన్ని. ఆ చెయ్యి ఇప్పుడు ఇనుప గోడ దాటి పోదు.

ఏడుపు మింగేశాను. వీధి చివర కొట్టుకి పంపేటప్పుడు పిలిచినట్టే పిలిచాను.

“శివా, నేను కనకత్తని. తలుపు సంగతి నాకొద్దు నాన్నా. నువ్వు తియ్యకు, మీ నాన్న మాట మీద ఉండు. నాకొక్క పని చేసిపెట్టు. ప్రత్యూష పడుకున్నచోటికెళ్ళి దాని నుదుటి మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉన్నాదో చల్లగా ఉన్నాదో చూసొచ్చి నాకు చెప్పు. అంతే.”

ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి ఏదో కుర్చీ జరిగినట్టయింది. కాళ్ళీడ్చుకుంటూ ఎవరో వెళ్తున్న చప్పుడు, దూరమై, అదీ పోయింది.

రమణబాబు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సాయిచరణ్ స్పీకరు గొంతు చివరికంటా పెంచాడు. గడియారంలో నాలుగైంది. శ్రీనివాసరావు దాని వైపు చూడనైనా చూడలేదు, నా పక్కన వంగి చెవి పెట్టి నిలబడ్డాడు. బయట అంబులెన్సు వచ్చి ఆగింది. డాక్టరమ్మ లోపలికొచ్చి ఏదో అడగబోతే తనూజ వేలు నోటి మీద పెట్టి ఆపింది. నౌక తలుపు దగ్గర నిలబడమని ఇద్దరు గార్డుల్ని సైగ చేసి పంపింది. నేను మళ్ళీ పిలవలేదు. పిలిస్తే వాడు బెదురుతాడని తెలుసు. మైకు అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో నాకు తెలియదు.

కాళ్ళ చప్పుడు తిరిగొచ్చింది. ఈసారి తొందరగా, తడబడుతూ. దేనికో తగిలి పడబోయి నిలదొక్కుకున్నట్టయింది. మైకు దగ్గర ఊపిరి వినబడింది.

“చల్లగా ఉన్నాది అత్తా” అన్నాడు శివాజీ. “పిలిస్తే పలకట్లేదు. నువ్వు నాన్నకి చెప్పకు. నేను తాళం తీసేస్తన్నాను.”